ఐదో నెల దాటాక ఏ దేశం వెళ్లాలి? బేబీమూన్ చోట్ల మీద నిక్కచ్చి సమీక్ష

బేబీమూన్ అంటే బిడ్డ పుట్టకముందు దంపతులు చేసే విహారయాత్ర. ఆ ప్యాకేజీల బ్రోషర్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. నీలం సముద్రం, తాటాకు గొడుగు, పొట్ట మీద చెయ్యేసుకున్న ఫొటో. రాత్రి రెండు గంటలకి ఉమ్మనీరు పోతే, ఆ గది నుంచి నెలలు నిండని బిడ్డల్ని కాపాడే వార్డుకి ఎంతసేపట్లో చేరతారన్నది మాత్రం ఏ బ్రోషర్లోనూ కనపడదు. ఈ సమీక్షలో మార్కులు ముందు దానికే. ఆ తర్వాత దోమలు, ఆ తర్వాత విమానాశ్రయం నుంచి గదికి వెళ్లే దారి, చివరికి తిండీ నీళ్లూ. అందానికి మార్కుల్లేవు, ఎందుకంటే ఇక్కడ చెప్పబోయేవన్నీ అందమైన చోట్లే.

ఎక్కడికన్నది తేలేముందు ఎప్పుడన్నది తేలాలి. వైద్యులు ప్రయాణానికి అనువుగా చెప్పేది 14 నుంచి 28 వారాల మధ్య కాలం. వేవిళ్లు తగ్గుతాయి, పొట్ట ఇంకా మోయలేనంత కాదు, గర్భస్రావం భయం చాలా వరకు వెనకపడుతుంది. కానీ ఆ 14 వారాలూ ఒకే తీరుగా ఉండవు. బిడ్డ అవయవాలు చూసే పెద్ద స్కాన్ 18 నుంచి 22 వారాల మధ్య ఉంటుంది. అది కాకుండా విమానం ఎక్కడం తెలివైన పని కాదు. మాయ కిందికి ఉందా, గర్భాశయ ముఖద్వారం పొట్టిగా ఉందా అన్న సంగతులు తరచుగా అప్పుడే బయటపడతాయి. రెండిట్లో ఏది ఉన్నా ప్రయాణం లెక్కే మారిపోతుంది. 24–28 మధ్య షుగర్ పరీక్ష, రక్తం గ్రూపు నెగటివ్ అయితే 28 దగ్గర యాంటీ-డి ఇంజెక్షన్ (తల్లి ఒళ్లు బిడ్డ రక్తం మీద ఎదురుతిరగకుండా ఆపేది) ఉంటాయి. ఇవన్నీ తీసేస్తే హాయిగా తిరిగి రాగలిగేది 20 నుంచి 26 వారాల మధ్య. టికెట్ చూసేటప్పుడు వెళ్లే తేదీతో పాటు తిరిగొచ్చే తేదీకి ఎన్ని వారాలు నిండుతాయో కూడా లెక్క వేసుకోండి. విమాన సంస్థ నియమం తిరుగు ప్రయాణానికీ అంతే గట్టిగా వర్తిస్తుంది.

ఆసుపత్రి మీద అంత పట్టుదల ఎందుకో ఒక్క లెక్కతో తెలుస్తుంది. 26 వారాలకి పుట్టిన బిడ్డ సాధారణంగా అసలు కాన్పు తేదీ దగ్గరపడేదాకా ఆసుపత్రిలోనే ఉండాల్సి వస్తుంది. అంటే సుమారు మూడు నెలలు. ఆ మూడు నెలలూ తల్లిదండ్రులు పరాయి దేశంలోనే ఉండాలి. వీసా పొడిగింపు, బిడ్డకి పాస్‌పోర్టు, ఎన్‌ఐసీయూ (పసిబిడ్డల ఇంటెన్సివ్ కేర్ వార్డు) బిల్లు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఇలా జరగడం అరుదే. కానీ జరిగితే రిసార్ట్ ఎంత బాగుందన్నది ఎవరికీ గుర్తుండదు.

ఇక మాల్దీవులు. బేబీమూన్ అనగానే అందరి నోటా ముందు వచ్చే పేరు, మేం బాగా మార్కులు కత్తిరించాల్సి వచ్చిన పేరు కూడా ఇదే. తప్పు దీవులది కాదు, దీవికి చేరే దారిది. వెలానా విమానాశ్రయంలో దిగాక రిసార్టుకి మూడు దారులు: స్పీడ్ బోట్, నీళ్ల మీద దిగే చిన్న విమానం సీప్లేన్, లేదంటే దేశీయ విమానం ఎక్కి దిగాక మళ్లీ బోటు. స్పీడ్ బోట్‌లో ముందు వరస సీట్లు ఎలా ఉంటాయో ఊహించుకోండి. అల ఎక్కిన ప్రతిసారీ బోటు మూతి పైకి లేచి దబ్బున నీళ్ల మీద పడుతుంది, ఆ దెబ్బ సీటు పలక గుండా నేరుగా నడుముకి వస్తుంది. కూర్చోవాల్సింది వెనక, ఇంజిన్‌కి దగ్గరగా. అక్కడ ఊపు తగ్గుతుంది, తడుస్తారంతే. మే నుంచి అక్టోబరు వరకు వీచే నైరుతి గాలుల్లో సముద్రం గరుకుగా ఉంటుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మెత్తబడుతుంది. ఆరో నెల పొట్టతో ఆగస్టులో నలభై నిమిషాల స్పీడ్ బోట్ ప్రయాణానికి మేం సున్నా మార్కులే వేస్తాం.

సీప్లేన్‌లో కుదుపు తక్కువ. కానీ అది పగటిపూటే ఎగురుతుంది. మధ్యాహ్నం మూడున్నర దాటాక దిగే అంతర్జాతీయ విమానంలో వస్తే ఆ రాత్రి మాలే పక్కనే గడపాల్సి రావచ్చు. అసలు చిక్కు అది కూడా కాదు. చీకటి పడ్డాక దూరపు అటాల్‌లో (పగడపు దీవుల గుంపులో) రక్తస్రావం మొదలైతే సీప్లేన్ రాదు, బోటే గతి. పెద్ద ఆసుపత్రులన్నీ మాలేలో, దాని పక్కనున్న హుల్హుమాలేలో ఉన్నాయి. ఇందిరా గాంధీ మెమోరియల్ ఆసుపత్రి, ఏడీకే మాలేలో, ట్రీటాప్ హుల్హుమాలేలో. కాబట్టి మాల్దీవులే కావాలనుకుంటే విమానాశ్రయం నుంచి బోటులో అరగంట లోపు ఉన్న రిసార్టే తీసుకోండి. నీళ్ల మీది విల్లా కన్నా ఇసుక మీది విల్లా మేలు. చెక్క మెట్లు దిగి నీళ్లలోకి వెళ్లడం, నాచు పట్టిన మెట్టు మీద తడి కాలు పెట్టడం ఈ సమయంలో పెట్టుకోవాల్సిన పనులు కావు. దగ్గరి రిసార్టులకి పదికి ఆరు, సీప్లేన్ దూరాలకి మూడు.

స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీళ్ల పైన ఈదడం) చేయొచ్చు, నెమ్మదిగా, దీవి చుట్టూ ఉండే లోతు తక్కువ లగూన్ లోపలే. గాలి సిలిండర్‌తో లోతుకి దిగే స్కూబా మాత్రం ససేమిరా వద్దు. పైకి వచ్చేటప్పుడు రక్తంలో ఏర్పడే నత్రజని బుడగల్ని పెద్దవాళ్లలో ఊపిరితిత్తులు వడపోస్తాయి. కడుపులో బిడ్డ రక్తం ఊపిరితిత్తుల్ని దాదాపు తప్పించుకుని తిరుగుతుంది కాబట్టి బిడ్డకి ఆ వడపోత ఉండదు. లోతు తక్కువే కదా అని ఒప్పించే శిక్షకుడి మాట వినకండి.

దోమల సంగతికి వద్దాం. చాలామంది మలేరియా గురించి అడుగుతారు కానీ దోమలు మోసే జికా వైరస్ గురించి అడగరు. 2015లో బ్రెజిల్‌లో చిన్న తలలతో పుట్టిన బిడ్డల వల్ల అది లోకానికి తెలిసింది. 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించి, అదే ఏడు నవంబరులో ఎత్తేసింది. ఎత్తేసింది ప్రకటననే, వైరస్ ఎక్కడికీ పోలేదు. కరేబియన్ దీవులు, లాటిన్ అమెరికా, ఆగ్నేయాసియా, మాల్దీవులు ఇవన్నీ జికా నమోదైన చోట్లే. టీకా లేదు. దీన్ని మోసే ఏడిస్ దోమ పగలు కుడుతుంది, అందుకే రాత్రి దోమతెర ఒక్కటే చాలదు. మధ్యాహ్నం కునుకుకీ తెర కావాలి. ఒంటికి రాసుకునే దోమల మందుల్లో డీట్ 20 నుంచి 30 శాతం ఉన్నది గానీ పికారిడిన్ 20 శాతం గానీ గర్భిణులు వాడొచ్చు. ముందు సన్‌స్క్రీన్ రాసి, అది ఇంకాక దోమల మందు రాయాలి. వరస తిరగేస్తే మందు అడుగునపడి పనిచేయదు.

ఇంకో సంగతి మగవాళ్లకి. జికా శృంగారం ద్వారా కూడా సోకుతుంది. భార్య ఇంట్లోనే ఉన్నా, భర్త ఒక్కడే పని మీద అలాంటి దేశానికి వెళ్లొచ్చినా కాన్పు అయ్యేదాకా కండోమ్ వాడాలి. ఈ మాట ట్రావెల్ ఏజెంట్లు చెప్పరు.

మలేరియా ఉన్న చోటికి వెళ్లొద్దన్నది ఒక్క వాక్యంలో తేలిపోయే విషయం. ఆ క్రిములు మాయలో గూడు కడతాయి, నివారణకి వాడే మందుల్లో డాక్సీసైక్లిన్ లాంటివి గర్భిణులకి పనికిరావు. సఫారీ మీద మనసు చంపుకోలేకపోతే దక్షిణాఫ్రికాలో మడిక్వే, పిలానెస్‌బర్గ్ మలేరియా లేని అభయారణ్యాలు. జీపు కుదుపు మాత్రం అక్కడా తప్పదు. ఎల్లో ఫీవర్ టీకా అడిగే దేశాలు కూడా ఈ ఏడాదికి వద్దు. అది బతికున్న వైరస్‌తో చేసే టీకా, మామూలుగా గర్భిణులకి వెయ్యరు.

సింగపూర్‌కి మేం పదికి ఎనిమిదిన్నర వేస్తాం. చూడ్డానికి ఏముంది అక్కడ అని పెదవి విరిచేవాళ్లుంటారు. ఆడవాళ్లకీ పిల్లలకీ ప్రత్యేకించిన కేకే ఆసుపత్రి ఊరి నడిబొడ్డున ఉంది. 1966లో ఒక్క ఏడాదిలో దాదాపు నలభై వేల కాన్పులు చేసి ప్రపంచ రికార్డుకెక్కిన ఆసుపత్రి అది. ఊళ్లో ఎక్కడ గది తీసుకున్నా టాక్సీలో కాసేపట్లో అక్కడుంటారు. కుళాయి నీళ్లు తాగొచ్చు. లిఫ్టు లేని మెట్రో స్టేషన్ కోసం వెతికినా దొరకదు. మార్కులు తగ్గించింది ఉక్కపోత, డెంగ్యూ. 2016లో జికా కూడా అక్కడ వ్యాపించింది. ఉదయం పది లోపు బయట తిరిగి, మధ్యాహ్నం ఏసీలో గడిపి, సాయంత్రం మళ్లీ బయటికి రావడం అక్కడ సరిపడే పద్ధతి.

దుబాయ్ నవంబరు నుంచి మార్చి దాకా అయితే ఎనిమిది, జూన్ నుంచి సెప్టెంబరు అయితే నాలుగు. జికా గోల లేదు, మలేరియా లేదని 2007లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. మెట్రోలో ఆడవాళ్లకీ పిల్లలకీ విడి పెట్టె ఉంటుంది. ఎడారి సఫారీ ప్యాకేజీలో ఇసుక దిబ్బల మీద బండి ఎగరేసే భాగం తీసేయించి, విడిది దాకా చదునైన దారిలో తీసుకెళ్లమని బుకింగ్‌లోనే రాయించుకోండి. అక్కడికి వెళ్లాక అడిగితే డ్రైవర్‌కి ఆ దారి ఉండకపోవచ్చు.

యూరప్‌లో మా ఓటు పోర్చుగల్‌కి, అదీ ప్రధాన భూభాగానికే. 2016 నాటి చట్టం ప్రకారం అక్కడ గర్భిణులకి క్యూలో ముందు చోటివ్వాలి. ప్రభుత్వ కార్యాలయాలే కాదు, సూపర్ మార్కెట్లు, మ్యూజియం టికెట్ కిటికీలు కూడా. పొట్ట కనపడుతుంటే చాలు, "ప్రియోరిదాద్" అంటే జరిగి దారిస్తారు. నడుం లాగుతున్నప్పుడు ఈ ఒక్క సదుపాయం అయిదు నక్షత్రాల హోటల్ కన్నా ఎక్కువ. దోమల బెడదా తక్కువే. ఒక్క మదీరా దీవిలో మాత్రం ఏడిస్ ఈజిప్టై దోమ స్థిరపడింది, 2012లో అక్కడ డెంగ్యూ చెలరేగింది కూడా.

అయితే లిస్బన్ కాలిబాటలు ప్రమాదం. చిన్న చిన్న సున్నపురాతి ముక్కలు పరిచి, తరాల తరబడి నడకతో అద్దంలా నున్నబడిన బాటలవి. పైగా ఊరంతా ఏటవాలు. చినుకు పడితే సబ్బు రాసినట్టే. గర్భంలో కీళ్ల బంధనాలు వదులవుతాయి, బరువు ముందుకి వస్తుంది, కాబట్టి జారితే నిలదొక్కుకోవడం కష్టం. అడుగున గాడులున్న రబ్బరు బూట్లు తప్పనిసరి. లిస్బన్‌ని రెండు రోజులకి కుదించి, రైల్లో నలభై నిమిషాల దూరంలో ఉన్న సముద్రపు ఊరు కస్కైష్‌లో మిగతా రోజులు గడిపితే నడక చదునుగా ఉంటుంది, రాజధాని ఆసుపత్రులూ అందుబాటులో ఉంటాయి. అట్లాంటిక్ నీళ్లు వేసవిలోనూ చల్లగానే ఉంటాయని ముందే అనుకుని వెళ్లండి. తిండిలో చూసుకోవాల్సింది జున్ను. సెర్రా ద ఎస్ట్రేలా, అజెయితావ్ రకాలు పచ్చి గొర్రెపాలతో చేస్తారు. వాటిలో లిస్టీరియా అనే క్రిమి ఉండొచ్చు. తల్లికి కాస్త జ్వరంలా వచ్చిపోయే ఆ క్రిమి మాయ దాటి బిడ్డకి ప్రాణాంతకం అవుతుంది. వండకుండా ఆరబెట్టిన పంది మాంసం కూడా టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కారణంగా పక్కన పెట్టాల్సిందే.

జపాన్‌కి ఏడు. పద్ధతైన రైళ్లు, శుభ్రమైన మరుగుదొడ్లు. ఈ సమయంలో రెండో సంగతి మొదటి దాని కన్నా ముఖ్యమని గర్భిణులకి విడిగా చెప్పక్కర్లేదు. 2006 నుంచి అక్కడ మాతృత్వ గుర్తు అని ఒక బ్యాడ్జి ఇస్తున్నారు. గుండ్రంగా, గులాబీ రంగులో, తల్లీబిడ్డల బొమ్మతో ఉంటుంది. స్టేషన్ ఆఫీసులో అడిగితే విదేశీయులకీ ఉచితంగా ఇస్తారు. సంచికి తగిలించుకుంటే ప్రయారిటీ సీటు దగ్గర ఎవరికీ ఏమీ చెప్పుకోవాల్సిన పని లేదు. వేడినీటి ఊటల స్నానం విషయంలో పాత సలహాలే ఇంకా తిరుగుతున్నాయి. గర్భిణులు దిగకూడదన్న మాటని అక్కడి పర్యావరణ శాఖ 2014లో జాబితా నుంచి తీసేసింది. అంతమాత్రాన 42 డిగ్రీల నీళ్లలో అరగంట కూర్చోమని కాదు. ఒంటి వేడి 39 దాకా పెరగకూడదు. 40 లోపు నీళ్లు, కొద్ది నిమిషాలు, పక్కన తోడు, దిగేటప్పుడు పట్టుకోడానికి కమ్మీ ఉండాలి. క్యోటోలో చెర్రీ పూల కాలంలో రోజుకి పదిహేను వేల అడుగులు తెలియకుండానే పడతాయి, అందుకని రోజుకి ఒక్క గుడి చాలు.

జపాన్ వెళ్లేముందు మూడు చూసుకోవాలి. మొదటిది రుబెల్లా, కడుపులో బిడ్డకి హాని చేసే వైరస్ జ్వరం. 2013లో, మళ్లీ 2018–19లో అక్కడ అది వ్యాపించింది. రోగనిరోధకత ఉందో లేదో తెలిపే రక్తపరీక్ష చాలామందికి గర్భం మొదట్లోనే చేసి ఉంటారు, ఆ కాగితం తీసి చూడండి. లేకపోతే ఇప్పుడు టీకా వెయ్యరు, అదీ బతికున్న వైరస్‌దే. రెండోది రక్తం గ్రూపు. నెగటివ్ గ్రూపులు అక్కడ దాదాపు 200 మందిలో ఒకరికే ఉంటాయి. మీది నెగటివ్ అయితే పెద్ద నగరం దాటి వెళ్లకండి. మూడోది మందులు. సూడోఎఫిడ్రిన్ పది శాతం మించి ఉన్న జలుబు మాత్రలు ఆ దేశంలోకి తేకూడదు, కోడీన్‌కీ పరిమితులున్నాయి.

బాలికి నాలుగు, అది కూడా ఆ దీవి మీద ఉన్న అభిమానంతో. కుళాయి నీళ్లు తాగలేం, కడుపు చెడటం మామూలు. గర్భంలో నీళ్ల విరేచనాలు పడితే ఒంట్లో నీరు తగ్గి నొప్పుల్లాంటివి మొదలవుతాయి. 2008 నుంచి అక్కడ రేబిస్ ఉంది, ఉబుద్ కోతుల వనం ఫొటోల మోజులో ఆ సంగతి మరిచిపోతారు. కోతి గీరినా వెంటనే పావుగంట సబ్బునీళ్లతో కడిగి టీకా మొదలుపెట్టాలి, రేబిస్ టీకా గర్భిణులకి వేయొచ్చు.

గ్రీసు దీవి శాంటొరినికి మూడు. తెల్లటి ఇళ్లు, నీలం గోపురాలు, వాటి మధ్య వందల మెట్లు. కొండ అంచున ఉన్న హోటల్ గదికి సామాను మోసేవాడు దొరుకుతాడు, మిమ్మల్ని మోసేవాడు దొరకడు.

ఎత్తు ప్రదేశాల గురించి ఒక్క మాట. పెరూలోని కుస్కో 3,400 మీటర్లు, టిబెట్‌లోని లాసా 3,650. పల్లంలో ఉండేవాళ్లు 2,500 మీటర్లకి పైన రాత్రి నిద్ర పెట్టుకోకపోవడం మంచిది. విమానం క్యాబిన్‌లో ఉండే గాలి ఒత్తిడి 1,800–2,400 మీటర్ల ఎత్తుతో సమానం, ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి అది ఇబ్బంది పెట్టదు.

క్రూయిజ్ ఆలోచన ఉంటే 24 అన్న అంకె గుర్తుంచుకోండి. రాయల్ కరీబియన్, కార్నివాల్ సహా పెద్ద సంస్థలు ప్రయాణం ముగిసేలోపు 24వ వారంలోకి అడుగుపెట్టే గర్భిణిని ఓడ ఎక్కించుకోవు. 23 వారాలకి ఎక్కి పది రోజులు తిరుగుదామంటే రేవులోనే ఆపేస్తారు, డబ్బు కూడా వెనక్కి రాకపోవచ్చు.

విమానాలు ఇంత కఠినం కాదు. ఎక్కువ సంస్థలు ఒక బిడ్డ అయితే 36 వారాల వరకు, కవలలైతే 32 వరకు అనుమతిస్తాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్, ఎమిరేట్స్ 29వ వారం నుంచి డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతాయి. అందులో ఎన్ని వారాలు, కాన్పు తేదీ ఎప్పుడు, ఒక బిడ్డా కవలలా, చిక్కులేమీ లేవు, ఫలానా తేదీ వరకు ప్రయాణించొచ్చు అన్నవన్నీ ఉండాలి. కొన్ని సంస్థలు వారం పది రోజుల్లోపు రాసిందే కావాలంటాయి కాబట్టి నెల ముందు తీసుకున్న కాగితం చెల్లదు. 28 లోపు ఉన్నా ఈ కాగితం దగ్గర పెట్టుకోవడమే మంచిది. పొట్ట పెద్దగా కనపడితే కౌంటర్లో వారాలు రుజువు చేయమంటారు.

నాలుగు గంటలు దాటిన ప్రయాణానికి కంప్రెషన్ మేజోళ్లు కావాలి. గర్భంలో రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, కదలకుండా కూర్చుంటే పిక్కల్లో గడ్డ ఏర్పడొచ్చు. పిక్క, చీలమండ కొలతలు తీసి సైజు కొనాలి. పాదాలు వాచకముందే, పొద్దున్న మంచం దిగకముందే తొడుక్కోవాలి. మోకాలి దగ్గర చుట్టుకుపోతే మేలు కన్నా కీడే ఎక్కువ. సీటు నడవ పక్కది తీసుకుని గంటకోసారి లేవండి. బెల్టు పొట్ట కింద, తుంటి ఎముకల మీదుగా రావాలి.

ఇన్సూరెన్స్ కాగితంలో "గర్భధారణ కవర్ అవుతుంది" అన్న వాక్యం దగ్గరే ఆగిపోకండి. గర్భంలో వచ్చే అనుకోని చిక్కులకి ఎన్నో వారం వరకు, పుట్టిన బిడ్డ చికిత్సకి విడిగా ఎంత, వేరే దేశపు ఆసుపత్రికి విమానంలో తరలించే ఖర్చు ఉందా లేదా అన్నవి చూడాలి. తల్లికి కవర్ ఉండి బిడ్డకి లేని పాలసీలు చాలా ఉన్నాయి, మూడు నెలల ఎన్‌ఐసీయూ బిల్లు వచ్చేది బిడ్డ పేరు మీద.

డబ్బు కట్టేముందు హోటల్‌కి ఒక మెయిల్ రాయండి. కాన్పులు చేసే, నెలలు నిండని బిడ్డల విభాగం ఉన్న దగ్గరి ఆసుపత్రి పేరేమిటి, అర్ధరాత్రి అక్కడికి ఏ వాహనంలో ఎన్ని నిమిషాల్లో చేరుస్తారు, ఆ వాహనం రాత్రంతా మీ దగ్గరే ఉంటుందా అని మూడే ప్రశ్నలు. జవాబులో ఆసుపత్రి పేరు, నిమిషాలు ఉంటే గది బుక్ చేసుకోండి. "మా దగ్గర ఆన్ కాల్ డాక్టర్ ఉన్నారు" అని మాత్రమే వస్తే, ఆయన రాత్రి పడుకునేది ఏ దీవిలోనో అడుగుతూ ఇంకో మెయిల్ పెట్టండి.